ఆ మాట ఎవరికి వినిపించింది?



మా మాస్టారి పేరిట ఏటా జరిగే ఈ సభలో ఎలిజబెత్ రాణి కాలపు నాటకాల గురించి, వాటిలోని రెండర్థాల మాటల గురించి మాట్లాడతానని నేనే అడిగి ఈ అంశం తీసుకున్నాను. దానికి కారణం ఒక తరగతి గది. బి.ఏ. రెండో ఏడు మాకు ‘జూలియస్ సీజర్’ పాఠ్యపుస్తకం. మా చేతుల్లో ఉన్న ప్రతుల్లో ప్రతి పేజీకీ పైసగం నాటకం, కిందిసగం వివరణలు. ఒక మాటకు రెండర్థాలు ఉంటే కింద ఒకటి, రెండు అని అంకెలు వేసి ఇచ్చేవారు. పరీక్షకు మేం వల్లె వేసేది ఆ కిందిసగమే. మాస్టారు పుస్తకాలు మూయించేవారు. నలుగురిని లేపి నిలబెట్టి, ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో, ఎవరు పక్కన నిలబడి వింటున్నారో చూపించేవారు. అప్పుడు ఆ వాక్యం చదివి ఒకే ఒక్క ప్రశ్న వేసేవారు: “ఆ మాట ఎవరికి వినిపించింది?”

రెండర్థాలు ఏమిటని ఆయన ఎన్నడూ అడగలేదు. ఏ అర్థం ఎవరి చెవిన పడిందని అడిగేవారు. ఇన్నేళ్లుగా నేను షేక్‌స్పియర్‌ను ఆ ప్రశ్న పట్టుకునే చదువుతున్నాను. ఈ సాయంత్రం చెప్పబోయేదంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

‘డబుల్ మీనింగ్’ అంటే మనకిప్పుడు సినిమాల్లో వెకిలి డైలాగు అనే అర్థం స్థిరపడిపోయింది. ఆనాటి ఇంగ్లీషు నాటకాల్లోనూ బూతు ఉంది, దాచాల్సిన పనిలేదు. ఎరిక్ పార్ట్రిడ్జ్ 1947లో షేక్‌స్పియర్ వాడిన అలాంటి మాటలన్నీ ఏరి, అకారాది క్రమంలో అర్థాలతో సహా పుస్తకం వేశాడు. కానీ ఆ ఇంట్లో అదొక గది మాత్రమే. మిగిలిన గదులు చాలా పెద్దవి. వాటిలోకి వెళదాం.

శ్లేష మనకు పరాయిది కాదు. లండన్‌లో ఈ నాటకాలు ఆడిన 16వ శతాబ్దంలోనే పింగళి సూరన ‘రాఘవపాండవీయం’ రాశాడు. ఒకే పద్యం ఒక విరుపుతో రామకథ, మరో విరుపుతో భారతకథ. అలాంటి కావ్యం రాయడానికి ఎంత భాష చేతిలో ఉండాలో తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. అయితే అక్కడ రెండు కథలూ ఒకే పాఠకుడికి చెందుతాయి. వ్యాఖ్యానం పక్కన పెట్టుకుని ఓపికగా చదివితే రెండూ అందరికీ సమానంగా అందుతాయి. నాటకంలో అలా కుదరదు. రంగం మీద ఒకడు మాట అంటాడు, ఎదుటివాడు ఒకటి వింటాడు, పక్కవాడు మరొకటి వింటాడు, చూసే జనం రెండూ వింటారు. మాట ఒక్కటే, దాన్ని పంచుకోవడంలో మాత్రం ఎవరి వాటా వారిదే. మన ఆలంకారికులు దీనికి దగ్గరగా వచ్చిన చోటు శ్లేష వక్రోక్తి. ఒకరు ఒక అర్థంలో అన్న మాటను ఎదుటివారు మరో అర్థంలో పట్టుకుని జవాబు చెప్పడం. ఎలిజబెతన్ రంగస్థలం సగం దాని మీదే నడిచింది.

ఆ భాష కూడా అప్పుడు అందుకు అనువుగా ఉండేది. ఇంగ్లీషుకు ఇంగ్లీషులోనే అర్థాలు చెప్పే మొదటి నిఘంటువు అనదగ్గది 1604లో గాని రాలేదు. రాబర్ట్ కాడ్రీ అనే బడిపంతులు కూర్చిన ఆ చిన్న పుస్తకంలో ఉన్నవి సుమారు 2500 మాటలు. అంటే ‘హామ్లెట్’ రంగం ఎక్కేనాటికి ఏ మాటకు ఏది సరైన అర్థమో, ఏది సరైన వర్ణక్రమమో చెప్పే అధికారి ఎవరూ లేరు. లాటిన్ నుంచి, ఫ్రెంచి నుంచి మాటలు వచ్చిపడుతున్నాయి, పాతవి పోలేదు. ఉచ్చారణ కూడా వేరు. ఇప్పుడు ‘రీజన్’ అంటున్న మాట అప్పుడు ‘రెయిజన్’ లాగా, అంటే ఎండుద్రాక్షకు వాడే మాట లాగా వినిపించేది. నన్ను కారణాలు అడగవద్దని మొండికేసే షేక్‌స్పియర్ పాత్ర ఫాల్‌స్టాఫ్, కారణాలను పొదల మీద కాసే పళ్లతో పోలుస్తాడు. ఇవాళ చదివితే ఆ పోలిక ఎక్కడిదో అర్థం కాదు. ఆనాటి చెవికి అది పండు మీద పండు. డేవిడ్ క్రిస్టల్ అనే భాషావేత్త సాయంతో 2004లో లండన్‌లోని కొత్త గ్లోబ్ నాటకశాలవారు ‘రోమియో అండ్ జూలియట్’ను ఆనాటి ఉచ్చారణతో ఆడి చూశారు. చాలాకాలంగా మూగబోయిన శ్లేషలు కొన్ని అలాంటి ప్రయోగాల వల్ల మళ్లీ పలికాయి.

ఇక ఆనాటి పాత గ్లోబ్ దగ్గరికి వెళదాం. 1599 సెప్టెంబరు 21న థామస్ ప్లాటర్ అనే స్విస్ యాత్రికుడు మధ్యాహ్నం భోజనం చేసి, థేమ్స్ నది దాటి, గడ్డికప్పు ఉన్న ఒక నాటకశాలలో జూలియస్ సీజర్ కథను పదిహేను మంది దాకా నటులు ఆడగా చూశానని రాసుకున్నాడు. అది షేక్‌స్పియర్ నాటకమేనని, ఆ శాల అప్పుడే కట్టిన గ్లోబ్ అని పండితులు చాలామంది నమ్ముతారు. పట్టపగలు ప్రదర్శన. పైన కప్పు లేని నడిమి చోట ఒక పెన్నీ ఇచ్చి నిలబడే జనం, మనం నేల టిక్కెట్టు అంటామే, వాళ్లు. చుట్టూ అంతస్తుల్లో ఎక్కువ డబ్బు పెట్టి కూర్చునేవాళ్లు. వేదిక జనంలోకి చొచ్చుకొచ్చి ఉండేది. నటుడికి జనం మొహాలు కనిపిస్తాయి, జనానికి ఒకరి మొహాలు ఒకరికి కనిపిస్తాయి. ఒక మాటకు నేలవాళ్లు నవ్వి పైవాళ్లు నవ్వకపోతే ఆ సంగతి శాలంతటికీ తెలిసిపోతుంది.

అలాంటి చోట ‘జూలియస్ సీజర్’ ఎలా మొదలవుతుందో చూడండి. సీజర్ రాడు, బ్రూటస్ రాడు. పనివాళ్లు పండగ బట్టల్లో వీధిలోకి వస్తారు. ఇద్దరు ట్రిబ్యూన్లు, అంటే ప్రజల తరఫు అధికారులు, వాళ్లను అడ్డగించి మీ పనేమిటని గద్దిస్తారు. వడ్రంగి తిన్నగా జవాబు చెబుతాడు. చెప్పులు కుట్టేవాడు చెప్పడు. అతను వాడే ‘సోల్’ అనే మాట చెప్పు అడుగుకూ సరిపోతుంది, ఆత్మకూ సరిపోతుంది. ‘కాబ్లర్’ అని తన వృత్తి నేరుగా చెప్పినా ట్రిబ్యూన్‌కు తెలియదు, ఎందుకంటే ఆ రోజుల్లో ఆ మాటకు పని పాడుచేసేవాడు అని కూడా అర్థం. అధికారి ఒళ్లు మండిపోతూ అడిగిందే అడుగుతాడు. అతను వినయం వదలకుండా అదే జవాబు తిప్పి తిప్పి చెబుతాడు. నేల మీద నిలబడ్డ లండన్ చర్మకారులకు, నేతగాళ్లకు మొదటి జవాబులోనే విషయం తెలిసిపోయి ఉంటుంది. అంతస్తులో ఉన్నవాడికి తెలియంది నేల మీదివాడికి తెలియడం, పావుగంట కూడా గడవకముందే.

ఈ నాటకాన్ని వావిలాల వాసుదేవశాస్త్రి గారు 1870లలోనే తెలుగు పద్యంలోకి తెచ్చారు. తర్వాత చాలామంది చేయిచేసుకున్నారు. మా తరగతిలో మాస్టారు ఒకరోజు, ఈ చెప్పులు కుట్టేవాడు తెలుగువాడైతే ఏం జవాబు చెప్పేవాడో చెప్పండి అన్నారు. చాలాసేపు ఎవరూ నోరు మెదపలేదు. వెనక బెంచీ కుర్రవాడు ఒకడు లేచాడు. మాస్టారు అధికారిగా నిలబడి “నీ పనేమిటో చెప్పు” అన్నారు.

“చెప్పేనండి.”

“అదేనయ్యా, చెప్పు.”

“అదేనండి, చెప్పే.”

గది గదంతా నవ్వింది. మాస్టారు నవ్వలేదు. బోర్డు మీద ‘చెప్పు’ అని పెద్ద అక్షరాలతో రాసి, దాన్ని చాలాసేపు చూస్తూ నిలబడ్డారు. ఆ తర్వాత అన్నారు: “చూశారా, నా మాటే తీసి నాకిచ్చాడు. నేను ఆజ్ఞాపించాను, అతను అందులోంచి తన బతుకుతెరువు ఏరుకున్నాడు. అతను నాకు అబద్ధం చెప్పాడా?” లేదన్నాం. “నన్ను ధిక్కరించాడా?” కొందరం అవునన్నాం, కొందరం కాదన్నాం. “నన్ను అతను ఏమీ అనలేదు. నాకు వినిపించకపోవడమే ధిక్కారం.” ఆ మాట నాకు ఈ రోజుకీ చెవిలో ఉంది.

ఇక కొలువులోకి వెళితే అదే పని మరింత ప్రమాదంగా జరుగుతుంది. ‘హామ్లెట్’ రెండో దృశ్యం. కొత్త రాజు కొలువు తీరాడు. అన్న చనిపోయి రెండు నెలలు కాలేదు, వదినగారిని పెళ్లాడాడు. అందరూ సంబరపు దుస్తుల్లో ఉన్నారు, ఒక్కడు నల్లబట్టల్లో ఉన్నాడు. రాజు అతన్ని బంధువని, ఆ వెంటనే కొడుకని పిలుస్తాడు. దానికి హామ్లెట్ నాటకంలో నోరు విప్పి పలికే మొట్టమొదటి వాక్యమే ఒక శ్లేష. ‘కిన్’ అంటే బంధువు. ‘కైండ్’ అంటే దయగలవాడు, ఆనాటి వాడుకలో ఒకే జాతికి, ఒకే స్వభావానికి చెందినవాడు కూడా. ఒక్క అక్షరం తేడా. బంధుత్వం కావలసినదానికన్నా పెరిగింది, స్వభావం కలవలేదు. తెలుగులో చెప్పాలంటే ఆయన నాన్న కాలేడు, చిన్నాన్నగానూ మిగల్లేదు.

మరి ఆ వాక్యం ఎవరికి వినిపించింది? 18వ శతాబ్దపు సంపాదకుడు థియోబాల్డ్ దాని పక్కన ‘తనలో’ అని చేర్చాడు. అంటే రాజుకు వినిపించలేదన్నమాట. తర్వాతి ముద్రణలు చాలావరకు దాన్నే అనుసరించాయి. తొలినాటి ముద్రణల్లో ఆ సూచన లేదు. ఆ చిన్న సూచన తీసేస్తే దృశ్యమే మారిపోతుంది. నిండు కొలువులో, రాజు మొహం మీదే అతను ఆ మాట అన్నాడు. రాజు విననట్టు ఉండిపోయాడు. నేను ఈ రెండోదాన్నే నమ్ముతాను. ఎందుకంటే, మరుక్షణమే మబ్బులు ఇంకా వీడలేదేమని రాజు అడిగితే, హామ్లెట్ సూర్యుడి మాట తీసుకొచ్చి జవాబిస్తాడు. ‘సన్’ అంటే సూర్యుడు, రాజుకు చిహ్నం. చెవికి అదే మాట కొడుకు కూడా. 1604–05 నాటి ముద్రణలో దాన్ని కొడుకు అని చదవగలిగే వర్ణక్రమంలో అచ్చువేశారు, 1623 నాటి సంపుటంలో సూర్యుడి వర్ణక్రమంలో వేశారు. అచ్చు ఏదో ఒకటి ఎంచుకోక తప్పదు, గొంతుకు ఆ అవసరం లేదు. దీని తర్వాత మాట్లాడేది ఎవరనుకున్నారు? రాజు కాదు. తల్లి కల్పించుకుని, ఆ నల్లరంగు వదిలెయ్యి నాయనా అనే ధోరణిలో బతిమాలుతుంది. ఆవిడకు వినిపించింది.

మాస్టారికి అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం ‘రోమియో అండ్ జూలియట్’లో, మూడో అంకం చివర. దీని దగ్గర కొంచెం ఆగుతాను. తెల్లవారింది. రహస్యంగా పెళ్లాడిన రోమియో కిటికీ దిగి దేశాంతరం పోయాడు. ఇంకా పద్నాలుగేళ్లు నిండని పిల్ల ఏడుస్తూ కూర్చుంది. తల్లి లోపలికి వస్తుంది. మేనల్లుడు టిబాల్ట్ చనిపోయినందుకు కూతురు ఏడుస్తోందని ఆవిడ అనుకుంటుంది. టిబాల్ట్‌ను చంపింది రోమియో. ఎవరినైనా పంపి వాడికి విషం పెట్టిస్తానని కూతుర్ని ఓదారుస్తుంది. తన మొగుణ్ణి చంపిస్తానంటున్న తల్లికి ఆ పిల్ల ఏమని జవాబు చెప్పాలి? అవునంటే మొగుడికి ద్రోహం, కాదంటే గుట్టు రట్టు.

ఆమె అవునూ అనదు, కాదూ అనదు. రోమియోను చూసేదాకా తనకు తృప్తి లేదనే అర్థం వచ్చేలా మొదలుపెట్టి, ‘చచ్చిన’ అనే మాట దగ్గరకు వచ్చి, అక్కడి నుంచి తన గుండె గురించి మాట్లాడుతుంది. ఆ మాటను ముందు వాక్యానికి కలిపితే, చచ్చిన రోమియోను చూడాలని. వెనక వాక్యానికి కలిపితే, చచ్చింది నా గుండె అని. మన శాస్త్రకారులు దీన్ని దేహళీ దీప న్యాయం అంటారు. గడప మీద దీపం పెడితే లోపలి గదికీ వెలుగే, బయటి వసారాకీ వెలుగే. ఆ దీపం పెట్టింది ఒక చిన్నపిల్ల, తల్లి కళ్ల ముందు. అంతటితో ఆగదు. విషం నేనే ‘టెంపర్’ చేస్తానంటుంది. ఆ మాటకు కలిపి తయారుచేయడమనీ అర్థం, తీవ్రత తగ్గించడమనీ అర్థం. తల్లి మొదటిది విని సంతోషిస్తుంది.

మాస్టారు ఈ దృశ్యానికి ఒక అమ్మాయిని తల్లిగా కూర్చోబెట్టి, మరో అమ్మాయిని జూలియట్‌గా చదవమనేవారు. ఒకసారి ఆ చదివే అమ్మాయి సగంలో ఆగిపోయింది. కళ్లలో నీళ్లు. ఏమ్మా అని మాస్టారు అడిగితే, “ఇంట్లో ఇలాగే మాట్లాడాల్సి వస్తుంది సార్” అంది. ఆయన మరేమీ అడగలేదు. తల్లిగా కూర్చున్న అమ్మాయి లేచి వచ్చి ఆమె పక్కన కూర్చుంది. శ్లేషను పండితుల విలాసం అనేవారితో నేను ఈ సంగతే చెబుతుంటాను. నిజం చెప్పలేని, అబద్ధం ఆడలేని చోట ఇరుక్కున్నవాళ్ల భాష అది.

డాక్టర్ జాన్సన్ 1765లో షేక్‌స్పియర్ సంపుటాలకు రాసిన పీఠికలో ఈ శ్లేషల మీద గట్టిగానే విరుచుకుపడ్డాడు. ఆంటొనీకి క్లియోపాత్రా ఎలాంటిదో షేక్‌స్పియర్‌కు శ్లేష అలాంటిదని, దానికోసం ప్రపంచాన్నే పోగొట్టుకుని సంతోషంగా ఉన్నాడని ఆయన అభియోగం. గొప్ప విమర్శకుడు, గొప్ప ఉపమానం. కానీ నేను ఒప్పుకోను. శోకఘట్టంలో శ్లేష ఎందుకని ఆయన విసుగు. రోమియో స్నేహితుడు మెర్క్యూషియో సంగతి చూడండి. కత్తిపోటు తిన్నాడు. దెబ్బ లోతు అతనికి తెలుసు, స్నేహితులకు తెలియదు. నవ్వించడం తప్ప మరో బతుకు ఎరగని మనిషి. రేపటి తన సంగతి చెబుతూ ‘గ్రేవ్’ అనే మాట వాడతాడు. గంభీరుడు, గోరీ, రెండూ అదే మాట. తెలుగులో ఇది ఎంత తేలిగ్గా కుదురుతుందో: రేపు వచ్చి చూడండి, నేను సమాధిలో ఉంటాను. స్నేహితులు పాత హాస్యమే విన్నారు. అతను తన చావు తాను చెప్పుకున్నాడు. ఈ శ్లేష తీసేస్తే ఆ చావులో అతనంటూ ఎవరు మిగులుతారు?

ఇక్కడిదాకా బలహీనుల గురించే చెప్పాను. అదే పనిముట్టు అధికారం చేతిలోనూ ఉంటుంది. 1593లో కత్తిపోటుతో చనిపోయిన క్రిస్టఫర్ మార్లో నాటకం ‘రెండో ఎడ్వర్డ్’ ఆ మరుసటి ఏడు అచ్చయింది. అందులో మార్టిమర్ అనే ప్రభువు చెరలో ఉన్న రాజును చంపించాలి, ఆ పాపం మాత్రం తన మీద పడకూడదు. లాటిన్‌లో ఒక ఉత్తరం రాయిస్తాడు, కావాలనే విరామచిహ్నాలు లేకుండా. ఒకలా ఆపి చదివితే, రాజును చంపకండి, భయపడటమే మంచిది. మరోలా ఆపితే, చంపడానికి భయపడకండి, అదే మంచిది. ఇదీ గడప మీద దీపమే, కానీ ఇల్లు తగలబెట్టడానికి పెట్టింది. కాపలావాళ్లకు వినిపించాల్సిన అర్థం వినిపించింది. రేపు విచారణలో న్యాయమూర్తులకు వినిపించాల్సింది రెండోది. నాటకం చివర చంపబడ్డ రాజు కొడుకు ఒక ఉత్తరం తెచ్చి మార్టిమర్ ముందు పెడతాడు. అప్పుడు ఎవరూ అర్థం అడగరు. చేతిరాత ఎవరిదని అడుగుతారు.

ఆనాటి ప్రభుత్వాలకు ఈ భయం నిజంగానే ఉండేది. 1589లో జార్జ్ పట్టెనమ్ రాసిన అలంకార గ్రంథం శ్లేషలో ఎన్నో రకాలను మెచ్చుకుంది. సందిగ్ధార్థాన్ని మాత్రం దోషాల్లో చేర్చి, రెండర్థాల జోస్యాలు నమ్మి జనం తిరుగుబాట్లు చేశారని హెచ్చరించింది. కాథలిక్ మతగురువులు నిషేధం కింద బతుకుతున్న రోజులవి. అధికారులు ప్రశ్నిస్తే అబద్ధమాడకుండా, నిజం బయటపెట్టకుండా రెండర్థాల జవాబు చెప్పవచ్చునా అనే వివాదం 1595లో రాబర్ట్ సౌత్‌వెల్ విచారణలో వచ్చింది. ఆయన కవి, మతగురువు. ఉరితీశారు. ఎలిజబెత్ పోయి జేమ్స్ వచ్చాక, రాజును చంపాలని పన్నిన 1605 నాటి తుపాకిమందు కుట్ర తర్వాత, 1606లో హెన్రీ గార్నెట్ అనే మరో మతగురువు విచారణలో అదే ప్రశ్న మళ్లీ వచ్చింది. ఆయన్నీ ఉరితీశారు. ‘మాక్బెత్’లో నరకద్వారం కాపలావాడిగా తనను ఊహించుకునే తాగుబోతు, రెండర్థాలు మాట్లాడేవాణ్ణి లోపలికి రమ్మనడం ఈ నేపథ్యంలోంచి వచ్చిందే. తనకు జోస్యం చెప్పిన మంత్రగత్తెల మాటల్లో మాక్బెత్ ఒక్క అర్థమే విన్నాడు, తనకు కావలసింది. రెండోది అతని చెవిదాకా రావడానికి ఒక అడవి కదిలి రావలసివచ్చింది.

చివరగా మళ్లీ ‘జూలియస్ సీజర్’కే వస్తాను, మాస్టారు మాకు చివరగా చెప్పిన పాఠం అదే గనక. చెప్పులవాడి శ్లేషకు నవ్విన ఆ రోమ్ వీధిలోకే మూడో అంకంలో ఒక కవి వస్తాడు. పేరు సిన్నా. సీజర్‌ను చంపిన కుట్రదారుల్లో ఒకడి పేరూ సిన్నాయే. సీజర్ మిత్రుడు ఆంటొనీ ఉపన్యాసంతో రగిలిపోయి ఉన్న జనం అతన్ని చుట్టుముట్టి పేరు అడుగుతారు. ఒక పేరు, ఇద్దరు మనుషులు. నాటకం మొదట్లో నవ్వు పుట్టించిన యంత్రమే ఇది.

ఆ రోజు మాస్టారు మమ్మల్ని వేదిక చుట్టూ గుంపుగా నిలబెట్టారు. సిన్నాగా తానే మధ్యలో నిలబడ్డారు. చదవడం అయ్యాక, అలవాటు ప్రకారం అడిగారు: “ఎవరికి వినిపించింది?”

మేం తేలిగ్గానే జవాబు చెప్పాం. జనానికి ఒక్క అర్థమే వినిపించింది సార్, కుట్రదారుడనుకుని చంపేశారు అని.

“మళ్లీ చదవండి” అన్నారు.

చదివాం. కుట్రదారుణ్ణి కాను, కవిని అని అతను మొత్తుకుంటాడు. వాళ్లు వింటారు. అయితే పద్యాలు చెడ్డగా రాసినందుకు చంపుదామంటాడు ఒకడు. పేరు అదే కదా, అది చాలంటాడు ఇంకొకడు.

వాళ్లకు రెండర్థాలూ వినిపించాయి. గదిలో ఎవరూ కదల్లేదు. మాస్టారు గుంపు మధ్యలోంచి, మా భుజాల సందులోంచి నెమ్మదిగా దారి చేసుకుంటూ వచ్చి, డస్టరు తీసుకుని, బోర్డు మీద ఎన్నాళ్లుగానో చెరపకుండా ఉంచిన ‘చెప్పు’ అనే మాటను తుడిచేశారు.